గ్రీన్‌కార్డుకి ఐదేళ్లు నిండితే అమెరికా పింఛను వస్తుందా?

ప్రశ్న: నాకు 69 ఏళ్లు, మా ఆవిడకి 66. గాజువాక ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈపీఎస్-95 (పీఎఫ్ ఉన్న ఉద్యోగులకొచ్చే) పింఛను నెలకి 2,870 రూపాయలు. మధురవాడలో ఫ్లాటు ఉంది, ఖరీదు 52 లక్షల దాకా ఉంటుంది, అద్దె 14,000. బ్యాంకులో 18 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి 2021 మేలో మాకు గ్రీన్‌కార్డులు తెప్పించాడు. ఏటా చలికాలం నాలుగు నెలలు విశాఖ వచ్చేస్తాం. 2023లో నా మోకాలి ఆపరేషన్ వల్ల ఏడున్నర నెలలు ఇక్కడే ఉండిపోయాం. ఐదేళ్లు నిండితే అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్లకి నెలనెలా డబ్బులిస్తుందని బంధువులంటున్నారు. మా వియ్యంకుడి అన్నగారు 1992లో వెళ్లారు, ఆయనకి వచ్చిందట. ఆస్తి ఉంటే రాదు, ఫ్లాటు అమ్మాయి పేర రాసెయ్యమని ఒకరి సలహా. ఖర్చులకి అబ్బాయి ముందు చెయ్యి చాపడం మాకు ఇష్టం లేదు. ఏం చెయ్యమంటారు?
(మధురవాడ, విశాఖపట్నం)

జవాబు: ముందు ఒక్క పని చెయ్యకండి. మా జవాబు పూర్తిగా చదివేదాకా ఫ్లాటు ఎవరి పేరా రాయకండి. మీరు అడిగినవాటిలో వెనక్కి తీసుకోలేనిది అదొక్కటే.

మీ బంధువులు చెబుతున్నది సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ గురించి. అక్కడివాళ్లు ఎస్‌ఎస్‌ఐ అంటారు. పనిచేసి పన్ను కట్టినందుకు వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను వేరు, ఇది వేరు. ఇది 65 దాటినవాళ్లలో, అంధుల్లో, వికలాంగుల్లో చేతిలో ఏమీ లేనివాళ్లకిచ్చే సాయం. 2026లో ఒక్కరికైతే నెలకి గరిష్ఠంగా 994 డాలర్లు, భార్యాభర్తలిద్దరికీ కలిపి 1,491. న్యూజెర్సీ రాష్ట్రం తన వంతుగా కొంచెం కలుపుతుంది. డాలరు 90 రూపాయల లెక్కన 1,491 అంటే లక్షా 34 వేల పైచిలుకు. ఆ అంకె వినే అందరూ ఆశపడుతున్నారు.

మీ వియ్యంకుడి అన్నగారికి రావడం నిజమే అయ్యుంటుంది. ఆయన వెళ్లిన కాలంలో గ్రీన్‌కార్డు ఉన్న పెద్దవాళ్లు కొన్నేళ్లు ఆగితే ఎస్‌ఎస్‌ఐ తీసుకోగలిగేవారు. 1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకంతో వచ్చిన సంక్షేమ చట్టం ఆ దారి మూసేసింది. ఆ తేదీ తర్వాత వెళ్లిన గ్రీన్‌కార్డుదారుకి ఐదేళ్లు నిండటం ఒక షరతు మాత్రమే. దాంతోపాటు అమెరికాలో 40 క్వార్టర్ల పని ఉండాలి. క్వార్టరంటే ఏడాదిలో నాలుగో వంతు, నలభై అంటే పదేళ్ల ఉద్యోగం. అబ్బాయి ఇరవై ఏళ్లుగా పన్ను కడుతున్నాడు కదా, అది లెక్కకి రాదా అని చాలామంది అడుగుతారు. రాదు. భర్త పని భార్యకి, భార్య పని భర్తకి కలుస్తుంది. పిల్లలకి 18 నిండకముందు తల్లిదండ్రులు చేసిన పని ఆ పిల్లలకి కలుస్తుంది. పెద్దయిన పిల్లల పని తల్లిదండ్రులకి కలవదు. ఆటోనగర్‌లో మీరు చేసిన 27 ఏళ్లూ కలవవు. భారత్‌కీ అమెరికాకీ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు. కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా వంటి దేశాలతో ఉంది గానీ అమెరికాతో కుదరలేదు.

ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఎస్‌ఎస్‌ఐ అర్హత కోసం దంపతుల క్వార్టర్లు కలిపి లెక్కేస్తారు. ఇద్దరూ చెరో ఐదేళ్లు చట్టబద్ధంగా ఉద్యోగం చేస్తే ఇరవై, ఇరవై కలిసి నలభై అవుతాయి. 2026లో ఒక క్వార్టరుకి 1,890 డాలర్ల సంపాదన చాలు, ఏడాదికి నాలుగుకి మించి ఇవ్వరు. అంటే ఏడాది మొత్తానికి 7,560 డాలర్ల జీతం ఉంటే నాలుగూ పడతాయి. దుకాణంలో సగంపూట పని చేసినా వచ్చే మొత్తమే. కాకపోతే జీతం చెక్కు రూపంలో, సోషల్ సెక్యూరిటీ పన్ను కోతతో రావాలి. తెలిసినవాళ్ల కొట్లో కూర్చుని చేతికి నగదు తీసుకుంటే ఒక్క క్వార్టరూ పడదు. 69 ఏళ్ల వయసులో, ఆపరేషన్ అయిన మోకాలితో మీరు ఈ దారి పట్టాలని మేం అనం. ఇంకా అరవై రాని తల్లిదండ్రులు వెళ్తుంటే మాత్రం వాళ్లకి ఇది చెప్పండి.

రెండో దారి పౌరసత్వం. అమెరికా పౌరులకి 40 క్వార్టర్ల షరతు లేదు. ఇంకో అడ్డం కూడా దాంతోనే తొలగుతుంది. మీ గ్రీన్‌కార్డు కోసం అబ్బాయి ఐ-864 అనే పత్రం మీద సంతకం పెట్టి ఉంటాడు. మిమ్మల్ని పేదరికపు గీతకి 125 శాతం స్థాయిలో పోషిస్తానని ప్రభుత్వానికి ఇచ్చిన హామీ అది. ఆ హామీ బతికున్నంత కాలం ఎస్‌ఎస్‌ఐ వాళ్లు అబ్బాయి జీతాన్నీ కోడలి జీతాన్నీ మీ ఆదాయంగా లెక్కేస్తారు. మీరు పౌరులైతే, లేదా 40 క్వార్టర్లు పూర్తయితే హామీ ముగుస్తుంది. ఐదేళ్లు నిండటంతో దానికి సంబంధం లేదు. మధ్యలో మీరేదైనా ప్రభుత్వ సాయం తీసుకుంటే ఆ డబ్బు అబ్బాయి దగ్గర రాబట్టే హక్కు కూడా ప్రభుత్వానికి ఉంది. ఈ ఐదేళ్లలో ఎవరైనా ఏదైనా కాగితం పట్టుకొచ్చి సంతకం పెట్టమంటే ముందు అబ్బాయికి చూపించండి.

పౌరసత్వం కోసం వేసే ఎన్-400 దరఖాస్తు ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందే పెట్టొచ్చు. రుసుము ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డ మీద ఉండాలి. మీ లెక్క చూస్తే ఇది దాటేస్తారు. ఇబ్బంది 2023 ప్రయాణంతోనే. ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిపోయిందనే అనుకుంటారు, తెగలేదని నిరూపించుకోవాల్సింది మీరు. మీకు కారణం గట్టిగానే ఉంది. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఫిజియోథెరపీ బిల్లులు, మార్చుకున్న విమాన టికెట్లు, ఆ ఏడాది అక్కడ వేసిన పన్ను రిటర్ను, మీ పేరున్న అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. అధికారి ఒప్పుకోకపోతే తిరిగొచ్చిన తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవ్వచ్చు. దరఖాస్తుకి ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్కసారి మాట్లాడితే ఆ ఫీజు దండగ కాదు.

ఇంగ్లిషు పరీక్ష గురించి మన పెద్దవాళ్లకి ఒక భ్రమ ఉంది, 65 దాటితే మాఫీ అని. వయసొక్కటే చాలదు. 50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉండాలి, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉండాలి. మీకు ఐదేళ్లే కాబట్టి ఇద్దరూ ఇంగ్లిషులో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి, పౌరశాస్త్రం ప్రశ్నలకి ఇంగ్లిషులోనే జవాబు చెప్పాలి. 2025 అక్టోబరు 20 నుంచి పెట్టిన దరఖాస్తులకి 128 ప్రశ్నల పట్టిక, అందులో 20 అడుగుతారు, 12 రావాలి. మతిమరుపు జబ్బులాంటి వైద్య కారణం ఉంటే ఎన్-648 అనే ఫారం ద్వారా మినహాయింపు దొరుకుతుంది. దాన్ని అమెరికాలో లైసెన్సు ఉన్న డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో నింపాలి. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ప్రొఫెసరు ఇచ్చిన సర్టిఫికెట్ అయినా సరే, దాని బదులు చెల్లదు. పెద్దగా చదువుకోలేదు, వయసైపోయింది అన్నవి కారణాలు కావు.

సరే, ఇద్దరూ పౌరులయ్యారనుకుందాం. అప్పుడు ఎస్‌ఎస్‌ఐ వాళ్లు చూసేది ఆస్తి. ఒక్కరికి 2,000 డాలర్లు, దంపతులకి 3,000. ఈ హద్దు 1989 నుంచీ మారలేదు. 3,000 అంటే మన 2 లక్షల 70 వేలు. మీ ఎఫ్‌డీలే 18 లక్షలు. ఇండియాలో ఉన్నది అమెరికా వాళ్లకెలా తెలుస్తుంది అని అడిగేవాళ్లుంటారు. దరఖాస్తులో అడుగుతారు, అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని తెలిసి సంతకం పెడతారు. మేం దాని మీద ఇంకేం చెప్పం.

మీరు నివాసముండే ఇల్లు, ఒక కారు, ఇంటి సామాను, ఒంటి మీద వేసుకునే నగలు లెక్కలోకి రావు. లాభం కోసం దాచిన బంగారం బిస్కెట్లు, నాణేలు వస్తాయి. మీరు అబ్బాయి ఇంట్లో ఉంటూ అద్దెకిచ్చిన మధురవాడ ఫ్లాటు నివాసముండే ఇల్లు కాదు, ఆస్తే. పల్లెలో తాతల నాటి పొలంలో వాటా ఉంటే అదీ చెప్పాలి. ఉమ్మడి ఖాతాల గొడవ ఇంకోటుంది. అక్కడ అబ్బాయి తన ఖాతాలో సౌకర్యానికని మీ పేరు చేరిస్తే, ఎస్‌ఎస్‌ఐ దృష్టిలో ఆ ఖాతాలోని సొమ్మంతా మీదే. కాదని నిరూపించే భారం మళ్లీ మీ మీదే పడుతుంది. ఇలాంటి ఖాతాల వల్లే చాలా దరఖాస్తులు చెడిపోతాయి, అందుకే దరఖాస్తుకి ముందే పేరు తీయించుకోవాలి.

ఇప్పుడు అమ్మాయి పేర రాసే సంగతి. దరఖాస్తుకి ముందు 36 నెలల్లో ఆస్తిని ఊరికే ఇచ్చేసినా, తక్కువ ధరకి అమ్మినా చెప్పి తీరాలి. ఇచ్చేసిన విలువని నెలవారీ సాయంతో భాగిస్తే ఎన్ని నెలలొస్తే అన్ని నెలలు సాయం ఉండదు, గరిష్ఠంగా 36 నెలలు. 52 లక్షలు అంటే 57 వేల డాలర్ల పైన. దాన్ని 1,491తో భాగించినా 38 వస్తుంది. కాబట్టి మీకు పడేది మొత్తం 36 నెలలూ. గిఫ్ట్ డీడు రిజిస్టరయిన మరుసటి నెల నుంచి లెక్క మొదలవుతుంది. మూడేళ్లు గడిస్తే ఆ బదిలీ ఇక అడ్డం రాదు, అది నిజమే. కానీ ఆ మూడేళ్లలో నెలకి 14,000 అద్దె ఎవరికి వెళ్తుందో, ఆ తర్వాత మీరు విశాఖ వస్తే ఎవరింట్లో దిగుతారో లెక్క వేసుకోండి. అయినా రాయాలనే ఉంటే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చెయ్యమని ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజు రాసేవాళ్ల మామూలు నమూనాలో ఆ వాక్యం ఉండకపోవచ్చు, అడిగి పెట్టించుకోవాలి.

అమ్మితే? అమ్మిన డబ్బు చేతిలో ఉన్నంతకాలం అది ఆస్తే. పైగా మీరు ఆదాయపు పన్ను లెక్కలో నాన్ రెసిడెంటు అయ్యుంటే, కొనేవాళ్లు మామూలుగా కోసే 1 శాతం టీడీఎస్ సరిపోదు, పెద్ద మొత్తమే కోసి కట్టాలి. అది తెలియక రిజిస్ట్రేషన్ రోజున బేరాలు చెడిపోతుంటాయి. ముందే ఆడిటరుతో తక్కువ కోత సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయించుకోవాలి.

ఆస్తి చిక్కు ఎలాగో తీరిందనే అనుకుని, చేతికొచ్చేదెంతో చూద్దాం. అబ్బాయి ఇంట్లో ఉచితంగా ఉంటూ, ఇంట్లో వండిందే తింటే గరిష్ఠ మొత్తంలో మూడో వంతు తగ్గిస్తారు. 1,491లో 497 పోతే 994. మీ ఈపీఎస్ 2,870 రూపాయలు 32 డాలర్లు. మొదటి 20 వదిలేస్తారు, మిగతా 12 తీసేస్తారు. 982 డాలర్లు చేతికొస్తాయి. ఇంటి అద్దె లేదా లోను వాయిదా, కరెంటు, నీళ్ల ఖర్చుల్లో మీ వంతు మీరు నిజంగా కడితే ఆ మూడో వంతు కోత ఉండదు. 2024 సెప్టెంబరు 30 నుంచి పిల్లలు పెట్టే తిండిని ఆదాయంగా లెక్కించడం కూడా మానేశారు. కాబట్టి తిండి ఖర్చు మీది, ఇంటి ఖర్చు అబ్బాయిది అనుకోవడం కంటే ఇంటి ఖర్చులో వాటా కట్టి తిండి అబ్బాయికి వదిలేయడం మేలు.

ఇదంతా దాటినా, మీ విషయంలో అసలు చిక్కు చలికాలం. అమెరికా బయట వరసగా 30 రోజులుంటే ఎస్‌ఎస్‌ఐ ఆగిపోతుంది. తిరిగొచ్చి అక్కడ వరసగా 30 రోజులుంటే గానీ మళ్లీ మొదలవదు. నవంబరు 10న బయల్దేరి మార్చి 10న తిరిగి దిగారనుకోండి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి మొత్తంగా, ఏప్రిల్లో మొదటి కొన్ని రోజులూ పోతాయి. వరసగా ఏడాది ఆగిపోతే దరఖాస్తు మళ్లీ మొదటినుంచి. ప్రయాణం చెప్పకుండా వచ్చేస్తే ఎక్కువగా తీసుకున్న డబ్బు తర్వాత నెలనెలా కోసుకుంటారు. పాస్‌పోర్టు పేజీలు చూపించమనడం అక్కడ మామూలే. సంక్రాంతికి ఇక్కడుండటమే మీకు ముఖ్యమైతే ఈ సాయం మీ జీవితానికి అమరదు. ఫ్లాటూ ఎఫ్‌డీలూ కరిగించి, చలికాలంలో కూడా న్యూజెర్సీ ఇంట్లో కూర్చుంటే వచ్చేది నెలకి 982 డాలర్లు. మా ఉద్దేశంలో ఆ బేరం మీకు గిట్టదు. ఆస్తేమీ లేని, పూర్తిగా అక్కడే ఉండిపోయే దంపతులకైతే ఇదే మాట తిరగేసి చెప్పేవాళ్లం.

పౌరసత్వం మాత్రం డబ్బుతో ముడిపెట్టకుండా ఆలోచించుకోండి. తీసుకున్న రోజునే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు సరెండర్ చేసి విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఫ్లాటు మీదే ఉంటుంది, ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. దానికి బదులుగా ఎన్నాళ్లు విశాఖలో ఉన్నా గ్రీన్‌కార్డు పోతుందన్న బెంగ తీరుతుంది. మీలా అటూ ఇటూ తిరిగేవాళ్లకి ఎస్‌ఎస్‌ఐ కన్నా అదే పెద్ద లాభం అనిపిస్తుంది మాకు.

ఐదేళ్లు నిండటం వల్ల నిజంగా తెరుచుకునే తలుపు మెడికేర్, అంటే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా. 65 దాటిన గ్రీన్‌కార్డుదారులు ఐదేళ్లు వరసగా నివసించాక, పని చరిత్ర లేకపోయినా కొనుక్కోవచ్చు. 2026లో ఆసుపత్రి భాగమైన పార్ట్ ఏ నెలకి 565 డాలర్లు, డాక్టర్ల భాగమైన పార్ట్ బి 202.90. మనిషికే ఇంత. పార్ట్ బి ఒక్కటీ తీసుకోవచ్చు, కానీ ఆసుపత్రిలో చేరితే దాంతో గట్టెక్కలేరు. అర్హత వచ్చిన నెలకి ముందు మూడు, ఆ నెల, తర్వాత మూడు కలిపి ఏడు నెలల గడువులో చేరకపోతే పార్ట్ బికి ఆలస్యమైన ప్రతి 12 నెలలకీ 10 శాతం జరిమానా ప్రీమియంలో కలుస్తుంది, అది సాధారణంగా పార్ట్ బి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. 2023 ప్రయాణం ఇక్కడా అడ్డం రావచ్చు, ఆ ఫైలే ఇక్కడా పనికొస్తుంది. విశాఖలో చేయించుకునే వైద్యానికి మెడికేర్ ఇవ్వదు, అందుకే ఇక్కడి ఆరోగ్య బీమా వదులుకోవద్దు.

అబ్బాయి ముందు చెయ్యి చాపకూడదన్న మీ పట్టుదలకి మధురవాడ అద్దే ఆధారం. అద్దె, డిపాజిట్ల వడ్డీ, ఈపీఎస్ కలిపితే మీ ఇద్దరి చిల్లర ఖర్చులు అక్కడ కూడా గడుస్తాయి. వాటిని పోగొట్టుకోకుండా చూసుకోవడమే పని. ఈపీఎస్ కోసం బతికున్నట్టు ఇచ్చే జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ సమర్పించిన తేదీ నుంచి 12 నెలలు చెల్లుతుంది. విమానం ఎక్కేముందు ఫోన్లో ముఖ గుర్తింపుతో ఇచ్చేయండి. పింఛను ఆర్డరులో మీ ఆవిడ పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో చూడండి. మీ తర్వాత ఆమెకి రావాల్సింది ఇందులో సగం, కనీసం 1,000. అక్షరం తేడా ఉంటే మీరుండగానే సరిచేయించడం తేలిక.

ఇంకోటి మీరు అడగలేదు. గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం, మీరు విశాఖలో ఉన్న నెలల్లో కూడా, అమెరికా పన్ను లెక్కలో మీరు అక్కడివాళ్లే. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ అనే రిపోర్టు ఆన్‌లైన్‌లో వెయ్యాలి. మీ 18 లక్షలు 20,000 డాలర్లు. గడువు ఏప్రిల్ 15, అది దాటితే అడగకుండానే అక్టోబరు 15 దాకా ఇస్తారు. ఇద్దరి పేరా ఖాతాలుంటే ఇద్దరి సంగతీ చూడాలి. 2021 నుంచీ వెయ్యలేదంటే పౌరసత్వం దరఖాస్తు కన్నా ముందు అబ్బాయి పన్ను లెక్కలు చూసే ఆయన దగ్గరకి వెళ్లండి. పాత సంవత్సరాలవి వెనక నుంచి వేసే పద్ధతి ఉంది, వాళ్లు అడగకముందు వేస్తేనే అది పనికొస్తుంది.